తూటా, గుండు, డొల్ల: నేర పరిశోధనలో తుపాకి సాక్ష్యం

"సంఘటనా స్థలంలో రెండు తూటాలు లభించాయి" అనే వాక్యం మన దినపత్రికలలో తరచుగా కనిపిస్తుంది. చదివినవారికి విషయం తెలిసినట్లే వుంటుంది కాని నిజానికి ఏమీ తెలియదు. లభించినవి ఇంకా పేలని నిండు తూటాలా? పేలిన తరువాత నేలపై పడిన ఇత్తడి డొల్లలా? లేక గోడలోనో, శరీరంలోనో దిగబడిన సీసపు గుండ్లా? ఈ మూడింటినీ తెలుగులో మనం ఒకే మాటతో సరిపెట్టుకొంటున్నాము. నేరపరిశోధకునికి మాత్రం ఇవి మూడు వేర్వేరు సాక్షులు. మొదటిది అక్కడికి ఎవరో తూటా తెచ్చినారని మాత్రమే చెబుతుంది. రెండవది అక్కడ తుపాకి పేలిందని, ఆ తుపాకి ఫలానా రకానిదని చెబుతుంది. మూడవది తగిలిన దెబ్బ ఏ గొట్టం నుండి వచ్చినదో చెప్పగలదు. పంచనామాలో ఒక మాట తారుమారైనచో నిరపరాధి బోనులో నిలబడవచ్చు, అపరాధి బయటకు నడచిపోవచ్చు.

సాహిత్యం బోధించేవానికి తుపాకులతో ఏమి పని అని కొందరు మిత్రులు అడుగవచ్చు. పని మాటలతోనే. న్యాయస్థానంలో సాక్ష్యం మాటల రూపంలోనే ప్రవేశిస్తుంది కనుక, ఆ మాటల వెనుక వున్న వస్తువులను గూర్చి కొంత తెలుసుకొనడం భాషాధ్యాపకునికి కూడా తగినదే. పైగా మన కళాశాల విద్యార్థులలో విజ్ఞానశాస్త్రం చదివేవారు, న్యాయశాస్త్రం వైపు చూచేవారు, పోలీసు శాఖ పరీక్షలకు సిద్ధమయ్యేవారు కూడా వున్నారు. వారికి ఈ శాస్త్రపు తొలి మెట్లు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేర్ల సంగతి. మన రెండు భాషలలోను తుపాకి పదాలన్నీ దూరదేశాల నుండి నడచి వచ్చినవే. 'బందూక్' అన్న పదానికి మూలమైన అరబ్బీ 'బుందుఖ్' కు ఒక రకపు గట్టి కాయ అని అర్థం. ఆ కాయవంటి గుండ్రని ఉండకు, ఆ ఉండను విసిరే సాధనానికి క్రమంగా ఆ పేరే స్థిరపడింది. 'తుపాకి' తురుష్క భాషలోని 'తుఫెక్', ఫార్సీలోని 'తుఫంగ్' ల చుట్టమే. 'ఫిరంగి' యూరపువారికి తూర్పుదేశాలు పెట్టిన 'ఫరంగీ' అన్న పేరు. మనిషి పేరు ఆయుధానికి అంటుకొన్నది. ఉర్దూలోని 'కార్తూస్' యూరపు భాషలలో కాగితపు పొట్లాన్ని సూచించే మాట. ఇక అచ్చతెలుగు 'మందు' మాత్రం రోగికి, తాగుబోతుకు, తుపాకికి సమానంగా సేవ చేస్తున్నది. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ మీదుగా నడిచేవారిలో ఎంతమందికి తెలుసునో గాని, ఆ పేటకు 'తోప్ కా సాంచా' అని పాత పేరు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ 1786లో ఫిరంగులు పోతపోసే కర్మాగారం నెలకొల్పినాడు. మూసారాముడు, మూసారహీం అని ప్రజలు రెండు మతాల పేర్లతోను తలచుకొనే ఆ రేమండ్ ఇతడే.

ఒక విశేషం గమనించదగినది. ఉర్దూ మాట్లాడేవారు నిండు తూటాను కార్తూస్ అని, పోయే గుండును గోలీ అని, మిగిలే డొల్లను ఖోఖా అని, చిన్న చిన్న సీసపు ఉండలను ఛర్రా అని విడివిడిగా పిలుస్తారు. తెలుగు పత్రికలు మాత్రం అన్నింటినీ తూటా అనే గంపలో వేస్తున్నవి. ఈ వ్యాసంలో నేను తూటా అంటే మందు, గుండు అన్నీ కూడిన పూర్తి వస్తువు అని, గుండు అంటే గొట్టం నుండి వెడలిపోయే భాగమని, డొల్ల అంటే పేలిన తరువాత మిగిలే ఖాళీ కోశమని నియమం పెట్టుకొంటున్నాను.

తుపాకులను పరిశోధకుడు మొట్టమొదట విభజించేది గొట్టం లోపలి భాగాన్ని బట్టి. లోపల నున్నగా వుండేవి ఒక జాతి, మరచుట్టుగా గాడులు చెక్కినవి మరొక జాతి. వేటకు, పంట కాపలాకు వాడే 12 బోరు తుపాకి మొదటి జాతికి చెందుతుంది. ఈ 12 అంకె అంగుళమూ కాదు, మిల్లీమీటరూ కాదు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోసినచో, ఒక్కొక్క గుండు సరిగా పట్టే వెడల్పు ఆ గొట్టానిది. అది దాదాపు 0.729 అంగుళం. 16 బోరు తుపాకి దీనికంటె సన్నగా వుండడానికి కారణం ఇదే. అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నగిల్లుతుంది. అయితే .410 అనే చిన్న తుపాకి మాత్రం ఈ లెక్కకు లొంగదు. అది నేరుగా అంగుళపు కొలతే.

గాడుల జాతిలో రైఫిలు, రివాల్వరు, పిస్టలు వస్తాయి. గాడులు ఎందుకన్న ప్రశ్నకు బొంగరం ఆడిన ప్రతి పిల్లవానికీ జవాబు తెలుసు. జాలి చుట్టి విసరిన బొంగరం తిరుగుతున్నంతసేపు నిటారుగా నిలుస్తుంది, తిరుగుడు తగ్గగానే తూలి పడుతుంది. పొడవైన గుండును నున్నని గొట్టం నుండి వదిలినచో గాలిలో పల్టీలు కొడుతుంది. గాడులు దానికి తిరుగుడు నేర్పి, ముక్కు ముందుకే వుండేటట్లు చేస్తాయి. గాడుల మధ్య మిగిలిన గట్లు గుండు ఒంటిలోనికి దిగి గుర్తులు వేస్తాయి. తుపాకి తయారుచేసినవాడు గురి కొరకు చెక్కిన ఈ గాడులే తరువాత హంతకుని పట్టి ఇచ్చే లిపి అయినవి. బ్రిటిషు సైన్యంతోపాటు మన దేశమంతటా తిరిగిన .303 లీ ఎన్‌ఫీల్డు రైఫిలులో సాధారణంగా 5 గాడులు, ఎడమవైపు మెలిక వుంటాయి. కోల్ట్ రివాల్వర్లలో 6 గాడులు ఎడమ మెలిక, స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లలో 5 గాడులు కుడి మెలిక చిరకాలపు ఆచారం. కనుక దొరికిన గుండుపై గాడుల సంఖ్య, వెడల్పు, మెలిక దిక్కు చూడగానే అనేక రకాల తుపాకులను పక్కకు నెట్టివేయవచ్చు.

తూటా కథ తెలుసుకొనడానికి చరిత్రలో ఒక ఘట్టం చాలు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకికి వాడిన తూటా ఒక కాగితపు పొట్లం. అందులో మందు, గుండు కలిపి చుట్టి, కొసను కొవ్వుతో తడిపేవారు. సిపాయి దానిని పంటితో చింపి, మందును గొట్టంలో పోసి, గుండును దట్టించవలసి వుండేది. ఆ కొవ్వు ఆవుది, పందిది అన్న అనుమానం హిందువులను, ముస్లిములను ఒకేసారి కలచివేసింది. 1857 మే 9న మీరట్‌లో తూటాలు ముట్టుకొనడానికి నిరాకరించిన 85 మంది అశ్వికులకు సంకెళ్లు వేసినారు. మరునాడే తిరుగుబాటు లేచింది. ఆ సంవత్సరం జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీపై తుర్రెబాజ్‌ఖాన్ నడిపిన దాడి ఆ మంట దక్కనుకు పాకిన ఘట్టం.

నేటి తూటా కాగితం విడిచి ఇత్తడి కోశం తొడిగింది. దాని అడుగున చిటికెడు పదార్థం గల ప్రైమరు టోపీ, మధ్యలో మందు, మూతివద్ద గుండు వుంటాయి. మీట నొక్కినప్పుడు సూదివంటి కొన టోపీని గుద్దుతుంది. ఆ దెబ్బకు పుట్టిన నిప్పు మందుకు అంటుకొంటుంది. మందు క్షణంలో సహస్రాంశంలో వాయువుగా మారి, అపారమైన ఒత్తిడితో గుండును ముందుకు, డొల్లను వెనుకకు నెడుతుంది. ముందుకు వెళ్లే గుండుకు గాడుల ముద్ర పడినట్లే, వెనుకకు నొక్కబడిన డొల్లకు సూది ముద్ర, వెనుక దిమ్మె ముద్ర పడుతాయి. ఈ రెండవ సంగతి చాలామంది మరచిపోతారు. పాతకాలపు నల్లమందు సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం, దట్టమైన పొగ విడిచేది. ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియే 1884లో పొగరాని మందును కనుగొన్న తరువాత గుండు వేగం బాగా పెరిగింది. .303 రైఫిలు గుండు గొట్టం విడిచేటప్పుడు సెకనుకు 2,400 అడుగులకు పైబడి ప్రయాణిస్తుంది. శబ్దం వేగం దాదాపు 1,100 అడుగులే కనుక, ఆ గుండు తగిలినవాడు చప్పుడు వినకముందే కూలుతాడు.

కొలతలతో ఒక చిక్కు వున్నది. .303 అన్నది గొట్టంలో గట్ల మధ్య కొలత. గుండు దానికంటె కొంచెం లావుగా,.311 అంగుళం వరకు వుంటుంది, లేనిచో గాడులను పట్టుకొనలేదు. .38 స్పెషల్ అనే ప్రసిద్ధమైన తూటాలోని గుండు నిజానికి .357 అంగుళమే. వ్యాపారులు పెట్టిన పేరును కొలతగా నమ్మరాదు. కొలత పట్టకారుతో తీసుకొనవలసిందే.

రివాల్వరు, పిస్టలు రెండూ ఒకటేనన్న భ్రమ మన నవలలలోను, చలనచిత్రాలలోను స్థిరపడింది. రివాల్వరులో తూటాలు గుండ్రంగా తిరిగే దిమ్మెలో వుంటాయి. పేలిన డొల్లలు ఆ దిమ్మెలోనే మిగిలిపోతాయి. స్వయంచాలక పిస్టలు మాత్రం ప్రతి కాల్పుకు డొల్లను పక్కకు విసరివేసి కొత్త తూటాను తానే ఎక్కించుకొంటుంది. కనుక హత్యాస్థలంలో డొల్లలు చెల్లాచెదురుగా దొరికినచో పిస్టలును, గుండ్లు మాత్రమే దొరికి డొల్ల ఒక్కటీ దొరకనిచో రివాల్వరును అనుమానించడం సహజం. హంతకుడు డొల్లలు ఏరుకొనిపోయినా, రివాల్వరు విప్పి అక్కడే కుమ్మరించినా ఈ అనుమానం తప్పుతుంది. అందువలన ఇది దారి చూపేదే గాని తీర్పు చెప్పేది కాదు.

ఇక అసలు ప్రశ్న: ఒకే కర్మాగారంలో, ఒకే నమూనాలో తయారైన వంద తుపాకులలో ఈ గుండు ఏ తుపాకిది? గాడుల సంఖ్య, మెలిక వంటివి జాతి లక్షణాలు. ఒక గుడ్డముక్కను చూచి 'ఇది ఫలానా మగ్గాల తాను' అనడం వంటిది అది. వ్యక్తి లక్షణాలు వేరు. పాత అచ్చుకూటాలలో సీసపు అక్షరాలతో పుటలు కూర్చిన రోజులు గుర్తున్నవారు ఈ భేదాన్ని సులువుగా గ్రహిస్తారు. ఒక ముద్రణాలయంలో 'క' అక్షరం తలకట్టు విరిగినదనుకొందాము. ఆ అక్షరం పడిన ప్రతిచోట ఆ విరుగుడు కనిపిస్తుంది. ఆ అక్షరాలు పోతపోసిన ఫౌండ్రీ ఒకటే కావచ్చు, వంద ముద్రణాలయాలు కొని వుండవచ్చు, కాని ఆ విరుగుడు ఆ ఒక్క ముద్రణాలయానిదే. అలాగే గాడులు చెక్కిన పనిముట్టు అరిగిన తీరు, తరువాతి వాడకంలో పడిన గీతలు, తుప్పు తిన్న మచ్చలు గొట్టానికి ఒక సొంత ముఖాన్ని ఇస్తాయి. పరిశోధకుడు అనుమానపు తుపాకితో నీటితొట్టిలోనికో, దూది పెట్టెలోనికో పరీక్షగా కాల్చి, ఆ గుండును, శవం నుండి తీసిన గుండును ఒకే కటకంలో పక్కపక్కన కనిపించేటట్లు జంట సూక్ష్మదర్శినిలో పెట్టి, గీతకు గీత కలుస్తున్నదా అని చూస్తాడు.

ఈ పద్ధతి పుట్టుకకు వెనుక ఒక పేదవాని కథ వున్నది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1915 మార్చిలో ఒక వృద్ధ రైతు, అతని ఇల్లు చూచుకొనే స్త్రీ .22 గుండ్లతో కాల్చబడి మరణించినారు. ఆ పొలంలో పనిచేసే చార్లెస్ స్టీలో అనే చదువురాని కూలీపై నేరం పడింది. అతని వద్ద ఒక .22 రివాల్వరు వున్న మాట నిజం. భయపడి మొదట లేదన్నమాటా నిజం. ఒత్తిడి చేసి అతని పేర నేరాంగీకారం వ్రాసుకొన్నారు, దానిపై అతని సంతకం లేదు. విచారణలో తన్ను తాను నిపుణునిగా చెప్పుకొన్న ఆల్బర్ట్ హామిల్టన్ అనే వ్యక్తి, ఆ రివాల్వరు మూతి వద్ద తొమ్మిది గీతలున్నవని, అవే గుండ్లపై తాను చూచినానని చెప్పినాడు. ఆ గీతలు మామూలు కంటికి కనబడవు, నిపుణునికే కనబడుతాయన్నది అతని వాదన. జూరీ నమ్మింది. స్టీలోకు మరణశిక్ష పడింది.

విద్యుత్ కుర్చీకి తీసుకొనిపోవడానికి గంటలోపు మాత్రమే వున్నప్పుడు ఒకసారి శిక్ష ఆగింది. తరువాత గవర్నరు పునర్విచారణకు ఆదేశించినాడు. చార్లెస్ వెయిట్ అనే పరిశోధకుడు ఆ రివాల్వరును, గుండ్లను సూక్ష్మదర్శిని తయారీ సంస్థలో పనిచేసే మాక్స్ పోజర్ అనే కటక నిపుణుని వద్దకు తీసుకొనిపోయినాడు. రివాల్వరుతో పరీక్షగా కాల్చి పోల్చిచూడగా హామిల్టన్ చెప్పిన గీతలు లేనే లేవు. పైగా మృతుల శరీరాల నుండి తీసిన గుండ్లపై గాడుల అమరిక స్టీలో రివాల్వరుకు సరిపోనే లేదు. 1918లో స్టీలో విడుదలయినాడు. మూడు సంవత్సరాలు ఒక అమాయకుడు మరణం నీడలో గడపడానికి కారణం శాస్త్రం కాదు, శాస్త్రం వేషం వేసుకొన్న మాట.

ఈ అనుభవం వెయిట్‌ను కదిలించింది. అమెరికా, యూరపులలోని కర్మాగారాలకు తిరిగి, ప్రతి తుపాకి గాడుల లెక్కను సేకరించడం మొదలుపెట్టినాడు. అతడు, వైద్యుడైన కల్విన్ గొడార్డ్, జంట సూక్ష్మదర్శినిని గుండ్ల పరీక్షకు అనువుగా మలచిన ఫిలిప్ గ్రావెల్, గొట్టం లోపలి భాగాన్ని చూచే సాధనం కల్పించిన జాన్ ఫిషర్ కలసి 1925 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఒక పరిశోధనా కేంద్రం స్థాపించినారు. 1929 ఫిబ్రవరి 14న చికాగో గరాజులో ఏడుగురిని పోలీసు దుస్తులు ధరించినవారు కాల్చి చంపినప్పుడు, నిజంగా పోలీసులే చంపినారన్న పుకారు నగరమంతా వ్యాపించింది. గొడార్డ్ పోలీసుల వద్దనున్న థామ్సన్ తుపాకులను పరీక్షగా కాల్చి, అవి ఆ హత్యలకు వాడినవి కావని మొదట తేల్చినాడు. ఆ డిసెంబరులో ఒక నేరస్థుని ఇంట దొరికిన రెండు థామ్సన్ తుపాకులే హత్యాయుధాలని తరువాత నిర్ణయించినాడు. ఈ కథను పాఠ్యగ్రంథాలు రెండవ భాగం కొరకు చెబుతాయి. నాకు మొదటి భాగమే ఎక్కువ విలువగలదిగా తోస్తుంది. అనుమానితుని మీద నుండి అనుమానాన్ని తొలగించడం కూడా ఈ శాస్త్రం చేసే పనియే.

మన దేశ పరిస్థితికి వచ్చినచో, ఒక పెద్ద భేదం కనిపిస్తుంది. ఇక్కడ నేరాలలో నాటు తుపాకుల పాలు ఎక్కువ. ఉత్తరాదిన 'కట్టా' అని పిలిచే ఈ చేతితయారీ పిస్టళ్ల గొట్టాలు నీటి పైపులవంటి మామూలు ఇనుప గొట్టాలే కావడం కద్దు. గాడులు వుండవు, గొట్టం గుండుకంటె వదులుగా వున్నచో గుండుపై చెప్పుకోదగిన గీతలే పడవు. గుండు మౌనం వహించినప్పుడు డొల్ల మాట్లాడుతుంది. చేతితో ఆకురాయి పట్టి చేసిన సూదికొన, వెనుక దిమ్మె ఏ రెండు తుపాకులలోను ఒక్కటిగా వుండవు కనుక, ఆ ముద్ర కర్మాగారపు తుపాకి ముద్ర కంటె స్పష్టంగా వుంటుంది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన కలువా అనే ముద్దాయి కేసులో 1957లో సుప్రీంకోర్టు ఎదుట వచ్చిన ప్రశ్న ఇటువంటిదే. మృతుని మంచం దగ్గర దొరికిన డొల్ల ఆ ముద్దాయి ఇచ్చిన నాటు పిస్టలు నుండి వచ్చినదేనన్న నిపుణుని అభిప్రాయాన్ని న్యాయస్థానం అంగీకరించింది.

ఎంత దూరం నుండి కాల్చినారన్నది మరొక ప్రధానమైన ప్రశ్న. ఆత్మహత్యా, హత్యా, ప్రమాదమా అన్న నిర్ణయం తరచు దీనిమీదనే ఆధారపడుతుంది. మూతి చర్మానికి ఆనించి కాల్చినచో మంట, మసి, వాయువు గాయంలోనికే పోతాయి. కొద్ది అంగుళాల దూరంలో చర్మం కమలడం, నల్లబడడం కనిపిస్తాయి. ఇంకొంచెం దూరంలో మసి రాలిపోయి, కాలని మందు రేణువులు మాత్రం చర్మంలో పచ్చబొట్టువలె గుచ్చుకొంటాయి. ఆ దూరం దాటినచో గుండు రంధ్రం తప్ప మరేమీ వుండదు. ఛర్రా తుపాకిలో గుండ్లు వెడలినకొద్దీ విచ్చుకొంటాయి కనుక, ఆ వ్యాప్తిని కొలిచి దూరాన్ని అంచనా వేస్తారు. గజానికి ఒక అంగుళం చొప్పున వ్యాపిస్తుందన్నది పాత మోటు లెక్క. గొట్టం మూతి సన్నగా బిగించిన తుపాకులలో ఇది పనిచేయదు. కాబట్టి అదే తుపాకితో, అదే రకం తూటాలతో వేర్వేరు దూరాలనుండి పరీక్షగా కాల్చి పోల్చినప్పుడే ఆ అభిప్రాయానికి బలం.

కాల్చినవాని చేతిని పరీక్షించే సంగతి ఇంకా సున్నితమైనది. 1930ల నుండి కొంతకాలం పారాఫిన్ పరీక్ష ప్రసిద్ధికెక్కింది. అనుమానితుని చేతికి కరిగించిన మైనం పూసి, ఊడదీసి, దానిపై ఒక రసాయనం వేసినచో నీలి చుక్కలు వస్తాయి. అవి తుపాకి మందులోని నైట్రేట్ల జాడ అన్నారు. కాని నైట్రేట్లు ఎరువులోను, పొగాకులోను, మూత్రంలోను కూడా కలవు. పొలంలో యూరియా, నైట్రేటు ఎరువులు చల్లి ఇంటికి వచ్చిన రైతు చేయి కూడా ఆ పరీక్షలో హంతకుని చేయిగా కనిపించగలదు! అందువలన శాస్త్రజ్ఞులు దానిని విడిచిపెట్టినారు. నేడు ప్రైమరు టోపీ నుండి వెలువడే సీసం, బేరియం, యాంటిమొని మూడూ ఒకే రేణువులో కలసి వున్నవా అని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో వెదకుతారు. ఇదైనా ఆ చేతి దగ్గర తుపాకి పేలిందనో, పేలిన తుపాకిని ఆ చేయి తాకిందనో మాత్రమే చెబుతుంది. మీట నొక్కినది ఎవరో చెప్పలేదు. చేతులు కడిగినా, కొన్ని గంటలు గడచినా రేణువులు రాలిపోతాయి.

తుపాకి దొరికినచోట చేయవలసిన, చేయరాని పనులు కొన్ని వున్నవి. చలనచిత్రంలో చూపినట్లు గొట్టంలో పెన్సిలు దూర్చి ఎత్తడం మహాపరాధం. లోపలి మసి, గీతలు రెండూ చెడుతాయి. గుండును శరీరం నుండి తీసే వైద్యుడు ఇనుప పట్టకారుతో గట్టిగా పట్టినచో కొత్త గీతలు పడి పాత గీతలు మాసిపోతాయి. ఒక్కొక్క డొల్లను విడిగా దూదిలో చుట్టి, విడి పొట్లంలో సీలు వేయాలి. అన్నింటినీ ఒకే డబ్బాలో గలగలలాడించి పంపరాదు. తుపాకిపై అంకెలు ఆకురాయితో చెరిపివేసినా నిరాశ పడనక్కరలేదు. అంకె కొట్టినప్పుడు ఆ దెబ్బ లోహం లోతుల వరకు కణాలను నలిపివేస్తుంది. పైభాగం అరగదీసినా, తగిన ఆమ్లద్రావణం పూసినప్పుడు నలిగిన చోటు మిగిలినదానికంటె వేరుగా కరిగి, పోయిన అంకెలు కొంతసేపు తిరిగి కంటికి కనిపిస్తాయి.

న్యాయస్థానాలు ఈ సాక్ష్యాన్ని ఎలా చూస్తాయి? 1872 నాటి సాక్ష్య చట్టంలోని 45వ సెక్షను నిపుణుని అభిప్రాయానికి చోటిచ్చింది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే విషయం 39వ సెక్షనులో వున్నది. అదేరోజు అమలుకు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 176వ సెక్షను, ఏడేళ్లు లేక అంతకు మించిన శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటనా స్థలానికి పోవాలని విధించింది. రాష్ట్రాలు అయిదేళ్లలోగా దీనిని అమలులోనికి తేవలసి వున్నది. నిపుణుల అవసరం మునుముందు ఎంత పెరుగునో విద్యార్థులే ఊహించుకొనవచ్చు.

1959 నాటి నానావతి కేసు అందరికీ తెలిసినదే. నౌకాదళాధికారి ఓడ భాండాగారం నుండి రివాల్వరును, ఆరు తూటాలను తీసుకొనిపోయినాడు. పెనుగులాటలో అది తానుగా పేలిందని ప్రతివాదం. మృతుని ఒంటిపై మూడు గాయాలు. రివాల్వరు ప్రతి కాల్పుకు మీట వేరుగా నొక్కవలసిన ఆయుధం. మృతుడు స్నానం చేసి కట్టుకొన్న తువాలు చివరి వరకు ఒంటిమీదనే వున్నది. జూరీ నిర్దోషి అన్నప్పటికీ హైకోర్టు, 1961లో సుప్రీంకోర్టు ప్రమాదవాదాన్ని తిరస్కరించినవి. ఇక్కడ నిపుణుని సాక్ష్యానికి ఒక తువాలు తోడు నిలిచింది. మరొకవైపు, 1995లో పంజాబుకు చెందిన సుఖ్వంత్ సింగ్ కేసులో పిస్టలు, డొల్ల రెండూ చేతికి చిక్కినా వాటిని పోలికకు నిపుణునికి పంపకపోవడం ప్రాసిక్యూషనుకు పెద్ద లోపమని సుప్రీంకోర్టు ఎత్తిచూపింది.

ఇంత చెప్పిన తరువాత ఈ శాస్త్రం పరిమితులను దాచడం న్యాయం కాదు. 2009లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ నివేదిక, గీతల పోలికలో ఎంత సామ్యం వున్నచో చాలునన్న కచ్చితమైన కొలబద్ద లేదని విమర్శించింది. 2016లో అధ్యక్షుని శాస్త్ర సలహా మండలి, ఈ పోలికలో పొరపాట్లు ఎంత శాతమో తేల్చే సరైన ప్రయోగాలు ఇంకా చాలినన్ని జరుగలేదన్నది. వృత్తిలోనివారు కొందరు ఈ విమర్శలను ఒప్పుకొనలేదు, వివాదం సాగుతూనే వున్నది. ముఖ్యమైన చిక్కు ఏమనగా, ఒకే పనిముట్టుతో వరుసగా చెక్కిన గొట్టాలకు కొన్ని గీతలు ఉమ్మడిగా పడవచ్చు. విరిగిన అక్షరం అనుకొన్నది అచ్చు దిమ్మెలోనే వున్న లోపమైనచో, వంద ముద్రణాలయాలలోను అదే విరుగుడు కనిపిస్తుంది గదా! కనుక 'ఇదే తుపాకి, మరొకటి కానే కాదు' అని నిపుణుడు నిలబడి చెప్పినప్పుడు, ఏ గీతలను చూచి, ఏ ఛాయాచిత్రం ఆధారంగా అని అడిగే హక్కు ప్రతివాదికి వున్నది. స్టీలో న్యాయవాదికి ఆ ఛాయాచిత్రాలు చూపించివుంటే కథ మొదటి రోజునే ముగిసేది.

ఈ విద్య నేర్వదలచిన మన విద్యార్థులకు దూరదేశాలకు పోవలసిన అగత్యం లేదు. కలకత్తా పోలీసులు 1930లోనే ఆయుధ నిపుణుని నియమించి చిన్న ప్రయోగశాల పెట్టినారు. నేడు హైదరాబాదు రామంతాపురంలో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ప్రయోగశాల పనిచేస్తున్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ శాస్త్రంలో ఎమ్మెస్సీ వున్నది. గాంధీనగర్‌లోని సంస్థ 2020లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ విశ్వవిద్యాలయం అయింది. భౌతిక, రసాయన శాస్త్రాలలో పట్టభద్రులైనవారికి ఈ ద్వారాలు తెరచియున్నవి.

వీటితోపాటు మరొక పని మన వంటి రెండు భాషల కళాశాలే చేయదగినది వున్నది. పంచనామాలు వ్రాసేది తెలుగులో, ఉర్దూ మాట్లాడే సాక్షి చెప్పేది ఉర్దూలో, నివేదిక వచ్చేది ఇంగ్లీషులో. సాక్షి 'ఖోఖా' అన్నప్పుడు పంచనామాలో 'తూటా' అని పడి, ఇంగ్లీషు నివేదికలో అది గుండుగా మారినచో, ఆ మూడు కాగితాలను ఎదురెదురుగా పెట్టి ప్రతివాది న్యాయవాది ఏమి చేయగలడో చెప్పనక్కరలేదు. మన తెలుగు, ఉర్దూ, భౌతికశాస్త్ర శాఖలు కలసి కూర్చున్నచో ఇటువంటి నూరు పదాల పట్టిక ఒక్క విద్యాసంవత్సరంలో తయారు కాగలదు. కళాశాల కమిటీ సమ్మతించినచో వచ్చే సంచికలోనే దానిని అచ్చు వేయవచ్చును. మొదటి మూడు పదాలు ఈ వ్యాసం శీర్షికలో వున్నవి.